మహేశ్వరి విప్పిన మిషిను

నీళ్ల గ్లాసులో నిలబెట్టిన పెన్సిలు విరిగినట్టు ఎందుకు కనిపిస్తుందో మహేశ్వరి చెబుతుండగా తెర ఆరిపోయింది. ముందు ఒకసారి గిలగిల కొట్టుకుంది. ఆకుపచ్చ గీతలు పై నుంచి కిందికి దిగాయి. ఆ తరవాత మొత్తం నల్లబడి, అందులో ఆమె ముఖమే ఆమెకు కనిపించింది. లోపల ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది.

"మీకు బొమ్మ కనబడుతున్నదా?" అని అడిగింది.

"కనబడుతుంది మేడం," అన్నాయి ఎక్కడో హాస్టళ్లలో చలికి ముసుగులు కప్పుకొని కూర్చున్న పదో తరగతి గొంతులు.

అంటే ల్యాప్‌టాప్ బతికే ఉంది, తనకే కనిపించడం లేదు. ఆమె పాఠం ఆపలేదు. ఏ బొమ్మ తరవాత ఏ బొమ్మ వస్తుందో మనసులో లెక్కపెట్టుకుంటూ, మీట నొక్కుతూ, గుడ్డిగా ముప్ఫై అయిదు నిమిషాలు చెప్పింది. పన్నెండో బొమ్మ దగ్గర లెక్క తప్పింది. ఆమె గాజు దిమ్మె గురించి చెబుతుంటే అక్కడ వజ్రం బొమ్మ మెరుస్తోంది. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వి, లెక్క సరిచేసుకుంది.

క్లాసు అయిపోయిన అయిదు నిమిషాలకు హనుమండ్లు సార్ ఫోను చేశాడు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై, ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి ఊళ్లలో హాస్టలు పిల్లలకు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆన్‌లైన్ పాఠాలు చెప్పిస్తున్నాడు. ఫిజిక్సుకు మహేశ్వరిని రెండు నెలలు చూద్దామని పెట్టుకున్నాడు. మాట మెత్తన, పట్టు గట్టి.

"ఇది అయిదోసారి బిడ్డా," అన్నాడు.

"నాకు తెల్సు సార్."

"నువ్వు మంచిగ చెప్తవ్. పిల్లలే అంటున్నరు. గని వాళ్లకు పరీక్షలు దగ్గరికొచ్చినయ్. మంగళవారం నేను క్లాసుల కూసుంట. గప్పుడు గూడ తెర ఆరితే బుధవారం సంది గీ క్లాసు నిర్మల్ సారుకు ఇస్త, ఆయన గూడ ఫిజిక్సే. ఏమనుకోకు."

"మంగళవారం ఆరది సార్," అంది మహేశ్వరి. ఎందుకు ఆరదో ఆమెకే తెలియదు. ఆ రోజు శుక్రవారం.

మహేశ్వరి పుట్టింది కాగజ్‌నగర్‌లో. తండ్రి పేపరు మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడిన ఏడే ఆమె డిగ్రీలో చేరింది. చుట్టాలంతా చదువు మాన్పించమన్నారు. ఆమె మానలేదు. పొద్దున్నే ప్యాసింజరు పట్టుకొని మంచిర్యాలకు వచ్చి చదువుకొని రాత్రికి ఇల్లు చేరేది. ఆఖరి ఏడు ఫిజిక్సు ప్రాక్టికలు పరీక్షలో ఆమెకిచ్చిన గాల్వనోమీటరు ముల్లు కదలలేదు. "రికార్డుల ఉన్న విలువ రాసెయ్ బిడ్డా, అందరు గదే రాస్తరు," అన్నాడు ల్యాబు అటెండరు. ఆమె రాయలేదు. ఒక్కో తీగ తీసి, గరుకు కాగితంతో గీకి, మళ్లీ బిగించి, తెగిన తీగ ఏదో పట్టుకునేసరికి టైము సగం అయిపోయింది. విలువ నిజమైంది వచ్చింది, మార్కులు సగమే వచ్చాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ఇప్పటికీ సగం మార్కులను దాచుకోదు.

ఎమ్మెస్సీ ఒక ఏడాది చదివింది. పెళ్లయింది. భర్త కుమారస్వామి బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియను. కూతురు దీపిక ఏడో నెలలోనే పుట్టింది. ఇప్పుడు మూడేళ్లు. చలికాలం వస్తే చాలు, ఆ చిన్న రొమ్ము పిల్లిలా గురగురలాడుతుంది. కిందటేడు బజార్లో ఒక బడిలో మహేశ్వరి టీచరుగా చేరింది. పదకొండు రోజులు పోయింది. పన్నెండో రోజు పిల్లను ఆస్పత్రిలో పెట్టారు. మళ్లీ ఆ బడి గడప తొక్కలేదు. ఆ తరవాత దొరికింది ఈ పొద్దుటి గంట ఒక్కటే. రోజంతా ఆమె ఒకరికి కోడలు, ఒకరికి అమ్మ. ఆరు నుంచి ఏడు దాకా మాత్రం తాను చదువుకున్న చదువు. అది పోతే ఈసారి ఇంకోటి దొరుకుతుందన్న నమ్మకం ఆమెకు లేదు.

ఆ ల్యాప్‌టాప్ కరీంనగర్‌లో కొన్నది. ఏవో ఆఫీసుల్లో అయిదారేళ్లు చాకిరీ చేసి రిటైరైన మిషిన్లను గోడకు దొంతులు పెట్టి అమ్మే దుకాణం అది. మూత మీద ఎవరిదో ఆఫీసు స్టిక్కరు సగం చిరిగి ఇంకా అంటుకొనే ఉంది. ఆగస్టులో కొన్నప్పటి నుంచి కార్తీకం వెళ్లేదాకా బాగా పనిచేసింది. చలి మొదలయ్యాక ఈ రోగం పట్టుకుంది. రోజూ ఆరదు. ఆరినా పది గంటలకల్లా తనంతట తానే వెలుగుతుంది. ఇంక ఆ రోజంతా దానికి ఏ జబ్బూ ఉండదు.

మొదటిసారి ఆరిన రోజే మహేశ్వరి ఒక నోటుబుక్కు తీసింది. తేదీ, టైము, వేడి ఎన్ని డిగ్రీలో ఫోనులో చూసి, చార్జరు పెట్టిందా తీసిందా, మూత ఎంత కోణంలో తెరిచి ఉంది, తెర ఆరిందా లేదా. కోణం కొలవడానికి ఇంటర్ నాటి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసింది.

కుమారస్వామి మొదటి షిఫ్టుకు బయలుదేరుతూ అది చూసి, "మా బాయిల గ్యాసు రాస్కున్నట్టు రాస్తున్నవ్ గదనే," అన్నాడు.

"మీరు రాస్కోకపోతే ఏమైతది?"

"పేల్తది."

"మల్ల నన్నెందుకు నవ్వుతున్నవ్?"

అతను నవ్వడం మానలేదు కానీ, సాయంత్రం వచ్చేటప్పుడు ఎక్కడినుంచో చిన్న గది థర్మామీటరు తెచ్చి గోడకు తగిలించాడు.

నోటుబుక్కులో మూడు వారాలు నిండాయి. కోణానికీ తెరకూ సంబంధం లేదు. చార్జరుకూ లేదు. ఆరిన అయిదు రోజులూ పద్నాలుగు డిగ్రీల లోపలే. చలికి లోహం ముడుచుకుంటుంది, ఎక్కడో వదులైన కనెక్షను ఎడమవుతుంది, ఎండెక్కితే మళ్లీ అతుక్కుంటుంది. ఆమె చదువు అట్లా చెప్పింది. ఒక్క రోజు మాత్రం ఆ లెక్కకు ఒదగలేదు. డిసెంబరు ఎనిమిదిన తొమ్మిది డిగ్రీలు. మూడు వారాల్లో అంత చలి ఇంకెప్పుడూ లేదు. ఆ రోజు తెర దీపంలా వెలిగింది. దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టి, ఒక్కటే కదా అని ముందుకు పోయింది.

శనివారం మధ్యాహ్నం పిల్లను అత్త సమ్మవ్వకు అప్పజెప్పి, స్టేషను రోడ్డులో కరుణాకర్ దుకాణానికి వెళ్లింది. కరుణాకర్ ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. కౌంటరు మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఏదో పాటల వీడియో పెట్టి, గంటసేపు వదిలేశాడు. తెర రెప్ప కూడా కొట్టలేదు.

"మీ ఇంట్లనే అలుగుతదా అక్కా? అల్లుని లెక్క ఉన్నది మీ మిషిను."

"పొద్దుగాల చలిల ఆరుతది తమ్ముడు. గిప్పుడు ఎండున్నది."

"చలికి మనుషులు వణుకుతరు గని మిషిన్లు వణుకుతయా?" అన్నాడు అక్కడ ప్రింటరు కోసం కూర్చున్న కొమురెల్లి. ఆయనది పక్కనే జిరాక్సు దుకాణం. "ఆడోళ్లు మూత ధడేలుమని ఏస్తరు. గదే రోగం."

కరుణాకర్ మూత రెండుసార్లు ఊపి, చెవి దగ్గర పెట్టుకొని, "మదర్‌బోర్డు పోయింది అక్కా," అని తేల్చాడు. "పాత మిషినుకు కొత్త బోర్డు ఏసుడు దండుగ. తూకానికి అమ్మేసి ఇంకోటి తీస్కో."

"మూత ఇప్పకుండనే ఎట్ల చెప్తున్నవ్?"

"ఇరవై ఏండ్ల సంది గిదే పని."

"ఇరవై ఏండ్ల సంది ఇప్పకుండనే చెప్తున్నవా?"

కొమురెల్లి పక్కకు తిరిగి దగ్గాడు. కరుణాకర్‌కు కోపం వచ్చింది. "ముందుగాల రోగం చూపెట్టు అక్కా. చూపెడ్తే ఇప్పుత. మంచిగున్న మిషిన్ల చెయ్యి పెట్టి మాట పడేటోన్ని కాదు నేను."

ఆ మాట ఆమెకు నచ్చింది. అందులో న్యాయం ఉంది. "చూపెడ్త," అని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి సమ్మవ్వ దగ్గర ఇంకో పరిష్కారం సిద్ధంగా ఉంది. "దుబాయిల మా లక్ష్మణ్‌కు ఫోన్ చేస్త. సంక్రాంతికి వచ్చెటోళ్ల చేతుల కొత్తది పంపుతడు."

"వద్దు అత్తమ్మ."

"ఎందుకు వద్దే? పరాయోడా?"

పరాయివాడు కాదు కాబట్టే వద్దు. మరిది నిరుడు పంపిన మిక్సీలో ఆమె పచ్చడి రుబ్బిన ప్రతిసారీ, వచ్చినవాళ్లకు సమ్మవ్వ దాని చరిత్ర మొత్తం చెబుతుంది. పచ్చడి ఎవరు చేశారో మాత్రం ఎవరూ అడగరు. రేపు ఆమె పాఠం కూడా లక్ష్మణ్ పంపిన పాఠం అవుతుంది.

"దీంతోనే చెప్త," అంది.

"మొండికి మొగడు లేడంటరు. నీకు మొగడుండి గూడ గిట్లనే ఉన్నవ్," అని సమ్మవ్వ దీపికను ఎత్తుకొని బయటికి నడిచింది.

ఆదివారం క్లాసు లేదు. అయినా పొద్దున లేచింది. రాత్రి పిల్లకు ఆయాసం వస్తే, డాక్టరు రాసిన మందు పీల్పించి, సమ్మవ్వ అలవాటు ప్రకారం గదిలో మూలకు ఆవిరి పెట్టే స్టీమరు పెట్టి, తలుపులు మూశారు. ఆరింటికి ల్యాప్‌టాప్ తెరిస్తే ఆకుపచ్చ గీతలు. మహేశ్వరి దాన్ని అట్లాగే చంటిపిల్లలా ఎత్తుకొని పక్క క్వార్టరులో మమతారాణి తలుపు కొట్టింది. వాళ్లింట్లో గోడ టీవీ ఉంది. తమ ఇంట్లో ఇంకా డబ్బా టీవీయే.

మమతారాణి నిద్ర కళ్లతో తలుపు తీసి, "ఏమైంది అక్కా, పాపకు మంచిగుందా?" అంది.

"పాప మంచిగనే ఉంది. మీ టీవీ జర అయిదు నిమిషాలు కావాలె."

"గింత పొద్దుగాల ఏం వస్తది టీవీల?"

"నా మిషినే వస్తది."

తీగ కలిపింది. ల్యాప్‌టాప్ తెర కాటుకలా నల్లగా ఉంది. గోడ టీవీలో మాత్రం గ్లాసూ, పెన్సిలూ, నీళ్లూ తేటగా కనిపించాయి. మహేశ్వరి చాలాసేపు అట్లాగే నిలబడి చూసింది. మదర్‌బోర్డు పోతే టీవీలోనూ బొమ్మ రాకూడదు. బోర్డు బొమ్మను తయారుచేస్తోంది, పంపిస్తోంది. దారిలో ఎక్కడో, బోర్డుకూ తెరకూ మధ్య జానెడు తీగలో, అది పోతోంది.

"అక్కా, పెన్సిలు చూసుకుంట ఏడుస్తున్నవా?" అంది మమతారాణి.

"ఏడుస్తలే. చాయ్ పొయ్యి."

సోమవారం క్లాసులో తెర ఆరలేదు. ఆరకపోవడం ఆమెకు ఇంకా కంగారు పుట్టించింది. మధ్యాహ్నం మూడింటికి ఫ్రిజ్‌లో రాత్రి నుంచి గడ్డకట్టించిన రెండు పాల ప్యాకెట్లు టవల్లో చుట్టుకొని కరుణాకర్ దుకాణానికి బయలుదేరింది.

"పాలు పోస్తవా అక్కా?" అన్నాడు కరుణాకర్.

"రోగం చూపెట్టుమన్నవు గద. చూపెడ్త."

ల్యాప్‌టాప్ కౌంటరు మీద పెట్టి ఆన్ చేసింది. మూత మడిచే చోట, తెరకూ మీటలకూ మధ్య ఉన్న సందు మీద పలచని గుడ్డ వేసి, దాని మీద పాల ప్యాకెట్లు ఆనించింది. కొమురెల్లి ఇవాళ ప్రింటరు లేకున్నా వచ్చాడు. ఇంకో ఇద్దరు ఆగి చూశారు. నాలుగు నిమిషాలు ఏమీ కాలేదు. "మిషినుకు జొరమొచ్చిందని తడిగుడ్డ ఏస్తుంది," అన్నాడు కొమురెల్లి. ఏడో నిమిషంలో తెర కొట్టుకుంది. ఎనిమిదో నిమిషంలో ఆకుపచ్చ గీతలు దిగాయి. తరవాత నల్లబడింది.

మహేశ్వరి సంచిలోంచి ఫోను తీసి, నిన్న మమతారాణి ఇంట్లో తీసిన ఫోటో కరుణాకర్ ముందు పెట్టింది. "ఇగో, గప్పుడు గూడ గిట్లనే నల్లగున్నది. టీవీల బొమ్మ చూడు. బోర్డు పోతే గిది ఎట్లొచ్చింది?"

కరుణాకర్ ఫోటో చూశాడు, తెర చూశాడు. "తీగ కావచ్చు," అన్నాడు నెమ్మదిగా. "గని గీ మాడలుకు మూత ఊడదీసుడు మస్తు కష్టం అక్కా. అంచులు పటుక్కున పలుగుతయ్. ఇయ్యాల నాకు పెండ్లికి పోవుడున్నది. గురువారం రా."

"రేపు పొద్దుగాల ఆరింటికి కావాలె నాకు."

"గురువారం కన్నా ముందు నాతోని కాదు."

"నీతోని కాకుంటే నేను ఇప్పుత. స్క్రూడ్రైవరు ఇయ్యి."

"పాడైతే?"

"పాడైతే నాది. కాగితం ఇయ్యి, రాసిస్త."

అతను కాగితం ఇచ్చాడు, ఊరికే. ఆమె నిజంగానే రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. తన నోటుబుక్కులోంచి ఇంకో కాగితం చించి, ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఊడదీసిన ఒక్కో స్క్రూను బొమ్మలో అది ఎక్కడిదో అక్కడే పెట్టింది. బ్యాటరీ ముందే తీసింది. పదకొండు స్క్రూలు. తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచును గోరుతో ఎత్తబోతే గోరు విరిగింది. పక్కకు చూడకుండానే చెయ్యి చాచింది. కరుణాకర్ తన పలచని ప్లాస్టిక్ బద్ద ఆ చేతిలో పెట్టాడు. పెళ్లికి పోవలసిన మనిషి స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చున్నాడు.

"గట్ల కాదు అక్కా, కింది దిక్కు సంది. ఆఁ. జర ఆగు. గిప్పుడు లేపు."

అంచు వచ్చింది. మడత దగ్గర నల్లటి టేపు కింద తీగ చివర కనిపించింది. దాని మీద పసుపు రంగు పొక్కు, గోడ మీద సున్నం పెచ్చులా గట్టిపడి, కనెక్టరు సన్నని రాగి కాళ్ల మధ్యకు దిగి ఉంది. ఒక కాలు చుట్టూ పచ్చటి చిలుము.

కరుణాకర్ వేలితో తాకి వాసన చూశాడు. "పసుపు," అన్నాడు.

మహేశ్వరికి దసరా గుర్తొచ్చింది. ఆ రోజు ఇంట్లో ఆయుధ పూజ. కుమారస్వామి టెస్టరు, పట్టకారు, మోటరుసైకిలు, కుట్టుమిషను, కత్తిపీట, వాటి వరసలో ల్యాప్‌టాప్ కూడా. సమ్మవ్వ గిన్నెలో పసుపు నీళ్లతో జారుగా కలిపి, మూత తెరిచి, నడిమధ్య సందులో మూడు వేళ్లతో నిండుగా బొట్టు పెట్టి, పైన కుంకుమ అద్దింది. మహేశ్వరి పక్కనే పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. పై మరకను తరవాత తానే తుడిచింది. లోపలికి కారిందని ఎవరికి తెలుసు?

కానీ పసుపు దసరా నుంచి ఉంది, తెర ఆరింది చలికాలంలో. చలికి ముడుచుకోవడానికి అక్కడ వదులైన తీగ ఏదీ లేదు. మరి పాల ప్యాకెట్టు చేసిందేమిటి? ఆమె గుడ్డ ఎత్తి చూసింది. దాని కింద సందంతా సన్నగా తడి. చల్లటి దాని మీద గాలిలోని తేమ నీరైంది. ఎండిన పసుపు పొక్కు తడిస్తే ఒక కాలి కరెంటు ఇంకో కాలికి పాకుతుంది. ఎండెక్కితే ఆ తడి ఇంకిపోతుంది, తెర వెలుగుతుంది. చలి కాదు, తేమ. మూడు వారాలు ఆమె తప్పు కారణాన్ని కొలిచింది.

వెంటనే ప్రశ్న గుర్తు పెట్టిన రోజు గుర్తొచ్చింది. అంత చలి ఉన్న రోజు తేమ ఎందుకు లేదు? సంచిలో ఆమె దగ్గర ఇంకో పుస్తకం ఎప్పుడూ ఉంటుంది. అది దీపికది. ఏ రాత్రి ఆయాసం వచ్చింది, ఎన్నిసార్లు మందు పీల్పించారు, స్టీమరు ఎంతసేపు పెట్టారు, అన్నీ డాక్టరుకు చూపించడానికి రాసుకుంటుంది. రెండు పుస్తకాలూ కౌంటరు మీద పక్కపక్కన తెరిచింది. తెర ఆరిన అయిదు రోజులూ, నిన్నటి ఆదివారం కూడా, రాత్రంతా స్టీమరు పెట్టిన రోజులే. డిసెంబరు ఏడు రాత్రి దీపిక హాయిగా పడుకుంది. స్టీమరు పెట్టలేదు. తలుపులు మూసిన గదిలో పిల్ల ఊపిరి కోసం పెట్టిన ఆవిరే తెర ఊపిరి తీసింది. రెండు పుస్తకాలూ ఆమె చేతిరాతే. ఒక్కనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"చూసినవా, ఆడోళ్ల చేతి పనే అన్న గద," అన్నాడు కొమురెల్లి, గెలిచినట్టు.

"అవును, మా ఇంటి చేతి పనే," అంది మహేశ్వరి తలెత్తి. "మదర్‌బోర్డు పనైతే కాదు గద. మూత ధడేలుమని ఏసుడు గూడ కాదు. ఇగ, నీ జిరాక్సు మిషినుకు దసరానాడు బొట్టు ఎవ్వలు పెట్టిండ్రు?"

కరుణాకర్ తల తిప్పి తన దుకాణం చూసుకున్నాడు. మానిటర్లు, ప్రింటర్లు, కౌంటరు మీద తానే వాడుకునే సీపీయూ, ఒక్కటీ తప్పిపోలేదు, అన్నిటికీ నడినెత్తిన ఎండిన పసుపు. లేచి వెళ్లి, సీపీయూ వెనక గాలి జాలీలోకి బొట్టు ఎంత దూరం దిగిందో టార్చి వేసి చూడటం మొదలుపెట్టాడు.

పాత పళ్ల బ్రష్షు, స్పిరిటు అతనే ఇచ్చాడు. మహేశ్వరి పసుపు పొక్కును కొంచెం కొంచెం నానబెట్టి, ఒక్కో కాలి మధ్య నుంచి తీసింది. చిలుము పట్టిన కాలు సన్నబడింది కానీ తెగలేదు. బాగా ఆరనిచ్చి, కొత్త టేపు వేసి, బొమ్మ మీది స్క్రూలు ఒక్కొక్కటే వెనక్కి బిగించింది. మళ్లీ పాల ప్యాకెట్లు పెట్టారు. ఈసారి కరుణాకరే పెట్టాడు. పది నిమిషాలు. ఇరవై. ప్యాకెట్లు కరిగి మెత్తబడ్డాయి. తెర వెలుగుతూనే ఉంది.

"అక్కా, నా దుకాణంల కూసుంటవా?" అన్నాడు. సగం నవ్వులాటకే.

"నువ్వు ఇప్పకుండ చెప్పుడు బందుపెడితే చూద్దాం. పెండ్లికి పో. ఆలిశ్యమైంది."

ఇంట్లో సమ్మవ్వకు చెప్పాలా వద్దా అని దారి పొడుగునా ఆలోచించింది. చెప్పకపోతే ఉగాదికి మళ్లీ పెడుతుంది. చెప్పింది.

సమ్మవ్వ చేస్తున్న పని ఆపింది. "దేవుని బొట్టు మిషిన్ను చెడగొట్టిందంటవా?"

"దేవుడు చెడగొట్టలే అత్తమ్మ. నీళ్లు లోపటికి పోయినయ్."

"మీ మామ బాయిల దిగినన్ని దినాలు ఆయన టోపీ దీపానికి బొట్టు పెట్టిన. ఒక్కనాడన్న ఆరిందా గది? మోటర్లకు పెడ్తలేమా? బండ్లకు పెడ్తలేమా?"

"అవి ఇనుము. గిది గోరంత రాగి తీగ. నేను గూడ పక్కపొంటే ఉన్న గద. నాకు గూడ తెల్వలే. నీ మీద నేరం ఏస్తలే."

"ఏస్తలేనంటనే ఏస్తున్నవ్," అంది సమ్మవ్వ. అన్నాలు తిన్నాక, గోడవైపు చూస్తూ, "మల్ల బొట్టు పెట్టకుండనే పని షురూ చేస్తరా?" అంది.

"మూత మీద పొడి కుంకుమ పెట్టు. నేను వద్దనను. సందుల మాత్రం చెయ్యి పెట్టనియ్య."

"చెయ్యి పెట్టనియ్యదట," అని సమ్మవ్వ దీపికకు చెప్పింది. "చూసినవానే, మీయమ్మ కథ."

మంగళవారం పొద్దున అయిదున్నరకు దీపిక దగ్గుతూ లేచింది. రొమ్ములో గురగుర మొదలైంది. మహేశ్వరి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని మందు పీల్పించింది. సమ్మవ్వ స్టీమరు పట్టుకొని గుమ్మంలో ఆగింది. "పెట్టాల్నా? నీ మిషినుకు పడదంటివి. క్లాసయ్యేదాక ఆపుదామా?"

గోడ మీద పదకొండు డిగ్రీలు. సన్నబడిన ఆ ఒక్క రాగి కాలు మహేశ్వరి కళ్లముందు కనిపించింది. ల్యాప్‌టాప్ తీసుకొని వంటింట్లోకి పోవచ్చు, కానీ అక్కడ నెట్టు అందదు. సార్‌కు ఫోను చేసి ఒక్క రోజు వాయిదా అడగవచ్చు. ఆమె రెండూ చేయలేదు.

"పెట్టు అత్తమ్మ. ఎప్పటి లెక్కనే. బాగైందా కాలేదా అన్నది గీ గదిలనే తేలాలె."

ఆరింటికి తెర వెలిగింది. ఒక మూలన హనుమండ్లు సార్ పేరు, మఫ్లరు చుట్టుకున్న ముఖం కనిపించాయి. ఆమె గాజు దిమ్మె పాఠం మొదటి నుంచి ఎత్తుకుంది. ఆవిరి గదంతా పరుచుకుంది. కిటికీ అద్దం మసకబారింది. ఆమెకు ఒక కన్ను పాఠం మీద, ఒక కన్ను తెర అంచు మీద ఉంది. పావుగంట. అరగంట. నలభయ్యో నిమిషంలో దీపిక పక్క మీది నుంచి దిగి వచ్చి ఒళ్లో ఎక్కి, కెమెరాలోకి చూసి గట్టిగా దగ్గింది. హాస్టళ్లలో పిల్లలు "పాప, పాప" అన్నారు. మహేశ్వరి ఒక చేత్తో పిల్ల వీపు రాస్తూ, ఇంకో చేత్తో మీట నొక్కుతూ, కిరణం గాజులోకి పోయి ఎంత కోణంలో వంగిందో, బయటికి ఎంత కోణంలో వచ్చిందో వాళ్లచేతనే కొలిపించింది. ఏడింటి దాకా గీత ఒక్కటీ దిగలేదు.

పిల్లలు వెళ్లిపోయాక కూడా హనుమండ్లు సార్ ఉన్నాడు.

"పాపకు పాణం బాగలేనట్టున్నది," అన్నాడు.

"చలికి గట్లనే ఉంటది సార్. మందు ఏసిన."

"అదే బిడ్డా. నిన్ను చూస్తే నాకు బాధనిపిస్తది. పసిపిల్లతోని, గింత పొద్దుగాల. ఎండకాలం దాక నిర్మల్ సారుకు ఇద్దాం, పాప జర పెద్దగైనంక నువ్వు..."

ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. మహేశ్వరికి ఆ దయ నిన్నటి కొమురెల్లి మాట కంటే బరువుగా తగిలింది.

"సార్, మీరు ఇయ్యాల ఏం చూద్దామని వచ్చిండ్రు?"

"తెర."

"తెర ఆరిందా?"

"ఆరలే."

"పాఠం ఆగిందా?"

హనుమండ్లు సార్ మఫ్లరు సర్దుకున్నాడు. "ఆగలే."

"పాప నా పాప సార్. ఆమె ఫికర్ నేను చేస్త, రోజు చేస్తనే ఉన్న. మీరు తెరకు గడువు పెట్టిండ్రు, పాపకు పెట్టలే. ఇగ పాప మీద పెట్టి తీస్తనంటే నేను ఒప్పుకోను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నట్టు కనిపించింది. గుమ్మం దగ్గర సమ్మవ్వ టీ గ్లాసుతో నిలబడి వింటోంది, లోపలికి రాలేదు.

"రేపు ఏం పాఠం?" అన్నాడు చివరికి.

"కటకాలు షురూ చేస్త. అందర్ని స్కేలు, పెన్సిలు తెచ్చుకొమ్మనుండ్రి సార్. ఇయ్యాల సగం మంది చేతులూపుకుంట వచ్చిండ్రు."